అమ్మేసిన బండికి వచ్చిన చలాన్

మొన్నటిది కాదు, అంతకుముందు వానాకాలం సంగతి. నర్సీపట్నంలో కోర్టుకు దగ్గరి వీధిలో, జిరాక్సు షాపు పైన నా ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, రెండు బల్లలు, వానొస్తే కారే ఒక మూల. ఎక్కువగా భూమి తగాదాలు, చెక్కు కేసులు చూస్తాను. స్పీడు చలాన్ కోసం లాయరును పెట్టుకునేవాళ్లు ఈ ఊళ్లో ఎవరుంటారు? ఫోన్లోనే జరిమానా కట్టేసి, కెమెరా పెట్టినవాణ్ని నాలుగు తిట్టి మర్చిపోతారు. అందుకే అప్పలనాయుడు గారు చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చి, ఫోను నా బల్లమీద పెట్టి "చలానండి" అంటే నాకు నవ్వొచ్చింది.

ఆయనది రోలుగుంట దగ్గర పల్లె. చెరకు వేస్తాడు, కొంచెం జీడితోట ఉంది. వెంట భార్య సత్యవతి గారు కూడా వచ్చారు. ఈ-చలాన్ అంటే తెలుసుగా, రోడ్డు మీది కెమెరా బండి నంబరును ఫొటో తీస్తుంది, ఆ నంబరు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఫొటో చూశాను. యలమంచిలి దగ్గర హైవే. మోటారు సైకిలు మీద ఇద్దరు మనుషులు, మొహాలకు తువ్వాళ్లు, మధ్యలో ఒక పెద్ద సంచి.

"కట్టేయండి నాయుడు గారూ. దీనికి లాయరెందుకు? నా ఫీజే ఎక్కువవుతుంది."

"బండి నాది కాదండి. రెండేళ్ల కిందటే అమ్మీసినాను."

"ఎవరికి?"

"సన్నిబాబని, కొండ మీదోడండి. సంతకి పసుపు తెస్తాడు."

"మరి పేరు మార్చలేదా?"

ఆయన నా వంక వింతగా చూశాడు. "సంతలో అమ్మినానండి," అన్నాడు, అంతకంటే చెప్పేదేముందన్నట్టు.

నిజానికి చెప్పేదేమీ లేదు. మా వైపు పాత బండి అమ్మడమంటే టీ తాగి, తాళం చేతిలో పెట్టి, ఆర్‌సీ, అంటే బండి ఎవరిదో చెప్పే కార్డు, దాంతోపాటు ఇచ్చేయడమే. రవాణా ఆఫీసుకు వెళ్లి పేరు మార్పించడం "తర్వాత చూద్దాంలే" లెక్క. తెలిసిన మనిషిని పట్టుకుని ఇప్పుడే పేరు మార్చుకోమంటే నమ్మకం లేదా అని చిన్నబుచ్చుకుంటారు కూడాను. బండి కొండెక్కిపోతుంది, పేరు మాత్రం అమ్మినవాడి మీదే ఉండిపోతుంది.

"ఆ సంచి సూడండి," అన్నాడాయన గొంతు తగ్గించి. "గంజాయేనంటన్నారండి మావోళ్లు. రేపు ఆడు దొరికితే బండి ఎవులిదంటారు? నాదే కదా. నన్ను పట్టుకుపోతారు. బెయిలు కూడా ఇవ్వరంట కదండి?"

ఈసారి నాకు నవ్వు రాలేదు. గంజాయి కేసులో బెయిలు తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఈ ఊళ్లో ఆ మాట మీద చెడిపోయిన ఇళ్లు చూశాను. అయినా ధైర్యం చెప్పాను. బండి అమ్మేసినట్టు అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం, ఒకటి ఇద్దామన్నాను. సన్నిబాబును పిలిచి పేరు మార్పిస్తే చలాన్ అతనే చూసుకుంటాడని, సంచి ఉన్నంత మాత్రాన అది గంజాయి అయిపోదని చెప్పాను. ఆయన తలూపాడు గానీ కుర్చీలోంచి లేవలేదు. సత్యవతి గారు మోచేత్తో పొడిచారు.

"సెప్పవేటి? నువ్వు సెప్పకపోతే నానే సెప్తాను," అని నా వైపు తిరిగారు. "మా తమ్ముడి మాట ఇని నిన్న టేసన్లో కంప్లయింటు ఇచ్చీసినాడమ్మా, బండి దొంగలెత్తుకుపోనారని."

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"మీరే అమ్మిన బండిని దొంగలెత్తుకుపోయారని రాసిచ్చారా?"

"ముందుగాల మనమే సెప్పీస్తే మన మీదికి రాదన్నారండి..."

"అతని మీదికి పోతుంది కదయ్యా!" అని అరిచాను. కింద జిరాక్సు షాపుకు కూడా వినబడే ఉంటుంది.

బండి పోయిందని ఫిర్యాదు వస్తే ఆ నంబరు చెక్‌పోస్టులకు చేరుతుంది. గంజాయి కోసం కొండ దిగే బండ్లను ఆపి చూసేది అక్కడే. కొండమనిషి, దొంగబండి, వెనక మూటలు. ఈ మూడూ ఒకచోట కనబడితే అతను ఏం మొత్తుకున్నా ఎవరు వింటారు? సంత ఎప్పుడని అడిగాను.

"ఇయ్యాలేనండి," అన్నాడు నాయుడు గారు.

సన్నిబాబుకు ఫోను చేశాం. కలవలేదు. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. వెంటనే స్టేషన్‌కి పోయి ఫిర్యాదు వెనక్కి తీసుకుందాం పదండి అంటే ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"అబద్దం రాసిచ్చినానంటే నన్నే లోపలేస్తారు కదండి?"

తప్పుడు ఫిర్యాదు కూడా నేరమే. లేదని ఎలా చెప్పను? "వేస్తే వేయొచ్చు," అన్నాను.

"మరైతే వద్దండి. ఆడు ఏ తప్పూ సెయ్యకపోతే ఆళ్లే ఒగ్గేస్తారు లెండి."

"సిగ్గు లేదేటి నీకు?" సత్యవతి గారు లేచి నిలబడ్డారు. "నీకు జొరమొచ్చి పడిపోతే ఆ బండి మీదే ఆస్పత్రికి ఎవుడు ఏసుకొచ్చినాడు? నువ్వు రాకపోతే ఉండు, నానెల్తాను. నా మొగుడు అబద్దమాడినాడని నానే సెప్తాను."

ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే ఆయన లేచాడు.

స్టేషన్లో ఎస్సై గారికి జరిగిందంతా నేనే చెప్పాను. ఆయన నన్ను వదిలేసి నాయుడు గారిని చూశాడు. "అమ్మిన బండిని పోయిందన్నావా?" "బయపడిపోనానండి," అని మాత్రం అనగలిగాడు నాయుడు గారు. ఎస్సై గారు కంప్లయింటు కాగితం బయటికి తీసి మరోసారి చదివాడు. ఎఫ్ఐఆర్, అంటే కేసు తొలి నమోదు, ఇంకా కట్టలేదు కాబట్టి బతికిపోయావని చివరికి అని, చెక్‌పోస్టుకు ఫోను చేశాడు. విని, ఫోను పెట్టేసి చెప్పాడు.

"పొద్దున్నే దొరికాడంట."

మేం వెళ్లేసరికి తుంపర పడుతోంది. బండి ఓ పక్కన ఉంది. పసుపు బస్తాలను అడుగుదాకా కోసి వెతికారు. గంజాయి లేదు, పాడూ లేదు, పసుపుకొమ్ములన్నీ బురదలో తడుస్తున్నాయి. పక్కనే సన్నిబాబు మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని వణుకుతూ కూర్చున్నాడు. నాయుడు గారిని చూడగానే లేచాడు. ఆ మొహంలో వచ్చిన వెలుగు నేను జన్మలో మర్చిపోలేను.

"అన్నా! ఒచ్చీసినావా! బండి నాయుడన్న కాడ కొన్నాను, ఆయన్ని అడగండని పొద్దున్నుంచీ మొత్తుకుంటన్నాను. ఎవులూ ఇనరు. ఎవులో దొంగ కంప్లయింటు ఇచ్చినారంట నా మీద. ఎవులన్నా ఆడు?"

నాయుడు గారు నా వైపు చూశాడు. క్లయింటు నోరు పెగలనప్పుడు మాట్లాడటమే నా వృత్తి. ఏదో పొరపాటు జరిగింది, అంతా సర్దుకుంది అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నానేరా," అన్నాడు నాయుడు గారు.

సన్నిబాబు వేళాకోళమనుకుని నవ్వబోయాడు. సత్యవతి గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుండటం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. కిందికి వంగి పసుపుకొమ్ములు ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ కూడా పక్కన కూర్చుని ఏరసాగారు. నాయుడు గారు మాత్రం తడుస్తూ నిలబడ్డాడు.

పేరు మార్పించడానికి రవాణా ఆఫీసులో అందరం మళ్లీ కలిశాం. ఫొటోలోని సంచి సన్నిబాబు చెల్లెలి బట్టలట. యలమంచిలిలో రైలు తప్పిపోతుందని ఆమెను వెనక కూర్చోబెట్టుకుని గట్టిగా తోలాడట. తప్పు తనదేనని చలాన్ తనే కట్టుకున్నాడు. నాయుడు గారిని పల్లెత్తు మాట అనలేదు. సంతకాలయ్యాక దణ్ణం పెట్టి, "ఎల్లొస్తానండి నాయుడు గారూ," అని వెళ్లిపోయాడు. ఆ 'గారూ' వినగానే పెద్దమనిషి గోడవైపు తిరిగిపోయాడు.

అప్పటినుంచి ఎవరైనా గజగజలాడుతూ నా మెట్లెక్కితే ధైర్యం చెప్పడం తర్వాత పెట్టుకుంటున్నాను. మంచినీళ్లిచ్చి ముందు ఒక్కటే అడుగుతాను, భయపడి ఇప్పటికే ఎవరి మీదికి తోసేసి వచ్చారని.