కుడివైపే తిరిగిన చక్రం

నాట్యంలో చుట్లు తిరగడం సాధన చేయడానికి మా అమ్మాయి మొదట ఆన్‌లైన్‌లో ఒక ప్లాస్టిక్ పలక తెప్పించుకుంది. జానెడు పొడవుంటుంది, అడుగుభాగం కొద్దిగా వంపు. దానిమీద ఒంటికాలితో నిలబడి ఒళ్లు తిప్పితే, నేల పట్టి ఆపకుండా గిర్రున తిరగొచ్చు. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. కోరుట్లలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఆదివారాలు జరిగే కూచిపూడి తరగతికి మూడేళ్లుగా వెళ్తోంది. అడుగులు, ముద్రలు అన్నీ వచ్చేవి. భ్రమరి దగ్గరే తడబడేది. భ్రమరి అంటే ఉన్నచోటే నిలిచి చుట్టూ తిరగడం. రెండో చుట్టుకే తూలి గోడ పట్టుకునేది.

ఆ ఏడు జగిత్యాలలో జిల్లా పోటీ పెట్టారు. ఎవరికి వారు విడిగా ఆడాలి. గెలిచిన ఒక్కరే హైదరాబాద్ పోటీకి వెళ్తారు. మా అమ్మాయి ఆడబోయే అంశంలో ఒకచోట కుడికి నాలుగు చుట్లు, ఊపిరి తిప్పుకోకుండా ఎడమకు నాలుగు చుట్లు ఉన్నాయి. ఆ ఎనిమిదీ దాటితే మిగతాదానికి భయం లేదని నేర్పే మేడం చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి పిల్లకు వేరే ధ్యాస లేదు.

మా ఇంట్లో నేలంతా బండలు. బండల మధ్య సందుల్లో పడి ఆ ప్లాస్టిక్ పలక రెండో వారానికే పగిలింది. అదే సమయానికి సిరిసిల్ల నుంచి నా బామ్మర్ది వచ్చాడు. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటారు. అవి ఆగిపోతే బాగుచేయడం అతని పని. పగిలిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది కోడలా, సబ్బుపెట్టె మూత లెక్కున్నది?"

"అది తిరిగే బోర్డు మామా. ఫారిన్ డ్యాన్సర్లు గూడ గిదే వాడుతరు."

"వాళ్లిండ్లల్ల గీ బండలుండయి గద. ఆగు, నేను చేస్త. ఏనుగెక్కినా ఇరగది."

"తమ్మీ, ఎక్కేది ఏనుగు గాదు, నా బిడ్డ" అంది వంటింట్లోంచి నా భార్య.

మరుసటి వారం గోనెసంచిలో చుట్టుకుని తెచ్చాడు. చందుర్తి దగ్గర బస్సు కుదిపినప్పుడల్లా సంచిలో ఏదో మోగుతుంటే కండక్టర్ అనుమానంగా చూశాడట. "మా కోడలు ఎక్కి తిరిగే బండి అని చెప్పిన. ఇంక ఏమడగలే" అని నవ్వాడు. చెక్క పీట, దానిలో బిగించిన బేరింగ్, పైన పళ్లెమంత గుండ్రటి ఇనుప రేకు. కాలు జారకుండా రేకు మీద మందపాటి బట్ట అతికించాడు. అంతా పాత సాంచాల సామాను. అమ్మాయి ఎక్కి ఒక్క ఊపు ఊపుకోగానే మూడు చుట్లు తిరిగింది. తిరుగుతున్నంతసేపూ అడుగు నుంచి టకటకమని చప్పుడు. దిగి వెళ్లి మామ మెడ పట్టుకుని వేలాడింది.

ఆ నెలన్నర మా ఇంట్లో పొద్దునా సాయంత్రం ఆ టకటకే వినిపించింది. తిరిగేటప్పుడు చూపు ఒకచోట నిలపాలట. లేకపోతే కళ్లు తిరుగుతాయి. అందుకని నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టేది. నేను ఫోన్లో ఆనాటి వార్తలు రాసుకుంటూ ఉండేవాణ్ణి. తల ఎత్తినప్పుడల్లా ఆమె ముఖం ఒక్క క్షణం నాకేసి వచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చేది. తూలడం పోయింది. గోడ పట్టుకోవడం పోయింది. ఇరవై ఏళ్లకు పైగా విలేకరిగా ఎక్కడికి పోయినా ఏమిటి, ఎందుకు అని అడగడమే నా బతుకు. నా ఇంట్లో, నా ముందు, రోజుకు రెండు పూటలు మోగిన ఆ చప్పుడు ఎందుకని మాత్రం అడగలేదు.

పోటీకి పది రోజులుందనగా ఆదివారం మేడం నన్ను పైకి రమ్మని పిలిచింది. "సార్, ఒకసారి చూడండి" అని అమ్మాయిని తిరగమంది. కుడికి నాలుగు చుట్లు. తోటి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎడమకు మొదలుపెట్టగానే ఒళ్లు ఎవరో పట్టి లాగినట్టు ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ ఆగింది.

"ఇంట్ల ఎడమకు అసలే చేస్తలేదా సార్? ఇదివరకు రెండు దిక్కులా ఒక్క తీరే ఉండేది."

ఇంటికొచ్చి ఆ చక్రాన్ని చేత్తో కుడికి తిప్పాను. టకటకమంటూ తిరిగింది. ఎడమకు తిప్పాను. టక్కున ఆగింది. బలం పెట్టినా కదల్లేదు.

"ఇది ఎడమకు తిరగదని నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసు డాడీ."

"మరి చెప్పవద్దా?"

"మామ గంత దూరం నుంచి మోసుకొచ్చిండు. చెప్తే చిన్నబోతడనుకున్న. ఎడమవి క్లాసుల చేసుకుంట తీయ్ అనుకున్న."

బామ్మర్దికి ఫోన్ చేశాను. వెనక సాంచాల మోత. విషయం వినగానే ఆ మోతలోంచి బయటికి వచ్చాడు.

"కొక్కెం పెట్టిన బావా" అన్నాడు.

నేసిన బట్టను చుట్టుకునే రోలరు సాంచాలో ముందుకే తిరగాలి. దాని పళ్ల చక్రం ఒక్క పన్ను వెనక్కి పోయినా బట్ట వదులవుతుంది, గీత పడుతుంది, ఆ ముక్కను నూలిచ్చి నేయించుకునే సేఠ్ తీసుకోడు. అందుకని పళ్ల చక్రానికి అడ్డంగా చిన్న ఇనుప కొక్కెం ఉంటుంది. ముందుకు పోతుంటే పళ్ల మీద టకటకమని జారుతుంది, వెనక్కి పోతే పట్టుకుంటుంది. పిల్ల కోసం చేసిన చక్రానికి కూడా అతని చేతులు అదే బిగించాయి.

"తిరిగేదేదైనా ఎనుకకు పోవద్దు గద బావా. పిల్ల పడ్తదని గూడ పెట్టిన."

తెల్లారి మొదటి బస్సుకే వచ్చాడు. చక్రాన్ని బోర్లించి, రెండు మరలు విప్పి, కొక్కెం తీసి జేబులో వేసుకున్నాడు. అయిదు నిమిషాల పని. "ఇగ తిరుగు కోడలా, ఎటంటే అటు." అమ్మాయి ఎక్కి ఎడమకు ఊపుకుంది. చక్రం చప్పుడు లేకుండా ఎడమకు పోయింది, పిల్ల కుడికి ఒరిగి కిందపడింది.

మేడం ఇక చక్రం ముట్టొద్దంది, నేల మీదే చేయాలంది. మిగిలిన ఆ రోజులన్నీ చూడటం తప్ప మేము చేయగలిగింది లేకపోయింది. ఎడమ కోసం ఒళ్లు కూడగట్టుకుని, చేతులు చాచి, సగం తిరిగి ఆగేది. మళ్లీ మొదలుపెట్టేది. రాత్రి నా భార్య కాలిపిక్కలకు నూనె రాసేది. నేను ఫోన్లో వీడియోలు వెతికి భుజం ముందు తిప్పాలట, మడమ లేపాలట అని చెప్పబోతే, "డాడీ, నువ్వు జర ఊకో" అంది. కోపంగా కాదు, అలసిపోయి అంది. ఎనిమిదో రోజుకు ఎడమకు మూడు చుట్లు వచ్చాయి. నాలుగోది ఒకసారి వచ్చేది, ఒకసారి రాకపోయేది.

జగిత్యాలలో పోటీ జరిగిన హాల్లో నేను మూడో వరుసలో కూర్చున్నాను. పక్కన బామ్మర్ది. సిరిసిల్లలో పని వదిలేసి వచ్చాడు. అమ్మాయి వేదిక మీదికి వచ్చినప్పుడు నా కోసం వెతకలేదు. హాలు వెనక గోడ మీద ఎక్కడో చూపు నిలుపుకుంది. కుడికి నాలుగు చుట్లు, గజ్జెలు ఒక్కటిగా మోగాయి. చప్పట్లు వచ్చాయి. ఎడమకు ఒకటి. రెండు. పక్కన బామ్మర్ది మోకాలి మీద పెట్టుకున్న వేలు ఎడమకు సున్నా చుడుతోంది. మూడోది సగంలో ఉండగా ఆమె ఒళ్లు దానంతటదే కుడికి మళ్లింది. పాట ముందుకు పోయింది. పిల్ల మాకు వీపు పెట్టి తెర వైపు నిలబడిపోయింది. బామ్మర్ది వేలు అలాగే ఆగింది. నేను లేవబోయి కూర్చున్నాను. లేచి ఏం చేస్తాను? పాట ఒక వరుస గడిచాక ఆమె మళ్లీ అందుకుని చివరిదాకా ఆడింది.

మల్యాల నుంచి వచ్చిన అమ్మాయి గెలిచింది. బాగా ఆడింది కూడా.

బస్టాండులో బామ్మర్ది వచ్చి మా అమ్మాయి ముందు నిలబడ్డాడు. "నీ బస్సు పోతది మామా, పో" అంది ఆమె. అతను పోలేదు. మా బస్సు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ పోటీ వార్త పంపాల్సింది నేనే. ఎక్కడెక్కడో ఎందరి ముందో నిలబడి "మీకెట్ల అనిపిస్తున్నది?" అని అడిగినవాణ్ణి, పక్క సీట్లో ఉన్న నా బిడ్డను అడగలేకపోయాను. ఫోన్ తీసి రాయడం మొదలుపెట్టాను.

"గెలిచినామె ఇంటిపేరు గూడ పెట్టు. వాళ్ల స్కూల్ పేరు గూడ" అంటూ అమ్మాయి నా భుజం మీదుగా చూస్తూ చెప్పింది. అవన్నీ ఆమెకు తెలుసు. తెర వెనక మాట్లాడుకున్నారట.

"పాల్గొన్నోళ్ల పేర్లు గూడ రాస్తవా?"

"జాగ ఉంటే వేస్తరు."

"నాది రాయకు డాడీ."

ఎందుకని అడగలేదు. మిగతా పదకొండు పేర్లూ రాసి, మరొకసారి సరిచూసుకుని పంపాను. ఆమె కిటికీ వైపు తిరిగి గజ్జెల సంచి ఒళ్లో పెట్టుకుంది.