ఆడ హార్మోన్ వద్దన్న గాజుల తాజుద్దీన్

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో గాజుల దుకాణం నడిపే తాజుద్దీన్‌కు ఒక గర్వముంది. మెట్టెక్కే ఆడమనిషి చేతిని దూరం నుంచి ఒక్క చూపు చూస్తే చాలు, ఏ సైజు పడుతుందో చెప్పేస్తాడు. పేరు, ఊరు, పోయిన పెళ్లికి ఏ రంగు కొన్నదీ అన్నీ గుర్తే. "ఊరందరి చేతులు యాదికుంటయి మీకు. ఉప్పు పాకిట్ తెమ్మంటె మాత్రం యాదికుండది" అని భార్య తహ్మీనా దెప్పుతుంటుంది.

నలభై ఏడో ఏడు దాటాక ఆయన ఒంట్లో సత్తువ తగ్గింది. మధ్యాహ్నమైతే గాజుల పెట్టెల మధ్యే కునుకు. గడ్డం కూడా పలచబడింది. తహ్మీనా పోరు పడలేక కామారెడ్డి వెళ్లి డాక్టర్ వినీతకు చూపించుకున్నాడు. మగ హార్మోన్, అంటే టెస్టోస్టిరాన్, బాగా తక్కువుందని తేలింది. పడుచు వయసులో గవదబిళ్లలు వచ్చినప్పుడే వృషణాలు దెబ్బతిని ఉండొచ్చని చెప్పి, డాక్టరమ్మ కొన్ని వారాలకోసారి సూది రాసింది.

సూది పనిచేసింది. కాస్త ఎక్కువే పనిచేసిందని తహ్మీనా అభిప్రాయం. బండి ఇంట్లో పెట్టి, చేతులూపుకుంటూ దుకాణానికి నడవడం మొదలైంది. గాజులు చూసుకోమని ఆడవాళ్లకు పెట్టిన అద్దంలో వాళ్లకంటే ఆయనే ఎక్కువసేపు కనిపించేవాడు. సూది సంగతి వచ్చినవాళ్లందరికీ తనే చెప్పుకునేవాడు. అది చాలదన్నట్టు అక్షయ్ నడిపే జిమ్ములో కూడా చేరాడు. అక్కడ అందరికంటే పెద్దవాడు ఆయనే. బరువు ఎత్తేటప్పుడు అందరికంటే గట్టిగా మూలిగేదీ ఆయనే.

ఒకరోజు అక్షయ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "తాజన్నా, సూది ఏస్కుంటున్నవ్, మంచిదే. కని అండ్ల కొంత లోపట్లనే ఆడ హార్మోన్ అయితది. ఈస్ట్రోజన్ అంటరు. గది పెరిగితె చాతి మెత్తవడ్తది. రోజు ఇడిసి రోజు గీ గోళి ఏస్కో, బంద్ అయితది. నేను సుత ఏస్కుంట."

ఇన్నేళ్లూ ఆడవాళ్లకు గాజులు తొడిగి బతికిన మనిషి, తన ఒంట్లో చిటికెడు ఆడ హార్మోన్ ఉందనేసరికి ఇంట్లో దొంగ దూరినట్టు ఉలిక్కిపడ్డాడు. డాక్టరమ్మను అడగాలనిపించలేదు. అడిగితే వద్దంటుందని లోపల అనుమానం. రోజు విడిచి రోజు అన్న గోళీని రోజూ వేసుకున్నాడు. ఇదేమిటని తహ్మీనా అడిగితే "తాకత్ గోళి, బలానికి" అన్నాడు.

కొన్ని నెలలకు మోకాళ్లు, వేళ్ల కణుపులు పట్టేయసాగాయి. నిద్ర పట్టేది కాదు. చిన్నదానికీ కసురుకునేవాడు, తర్వాత ఊరికే దిగాలుపడేవాడు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయేది. ఎదురుగా ఉన్న పళ్లెం చూపిస్తూ "గది... గది ఇటియ్యి" అనేవాడు. తహ్మీనా కావాలనే గరిటె అందించేది.

గాంధారి ఊరి పక్క తండా నుంచి జమ్లి ఏళ్లుగా ఆయన దగ్గరే గాజులు కొంటుంది. ఒకరోజు కొత్త కోడలు గంగను వెంటబెట్టుకుని వచ్చింది.

"రా ఈరవ్వా, కూసో" అన్నాడు తాజుద్దీన్.

"ఈరవ్వ ఎవలు భాయ్? నేను జమ్లిని! సూది ఏస్కుంటె మనుషులు గిట్ల మారి కనవడ్తరా?" అని ఆమె పకపకా నవ్వింది.

ఆయనా నవ్వి, గంగ చేయి చూసి సైజు చెప్పాడు. తొడగబోతే గాజు బిగిసి, పుటుక్కున విరిగి పిల్ల చేయి గీరుకుంది. జమ్లి నవ్వు ఆగిపోయింది. గంగ మాత్రం "ఏం కాలే మామా" అంది. ఆ మాటకు ఆయన ఇంకా చిన్నబోయాడు.

ఆ వారమే సరుకు కోసం బండి మీద కామారెడ్డి పోయాడు. సాయంత్రం సంచులతో ఇంటికొచ్చాడు.

"బండేది?" అంది తహ్మీనా.

తాజుద్దీన్ వాకిట్లోకి చూశాడు. సంచుల వైపు చూశాడు. తాను బస్సులో వచ్చినట్టు అప్పుడు తట్టింది. తహ్మీనా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"అబ్బా లెక్క అయితున్ననేమో" అన్నాడాయన మెల్లగా. చివరి రోజుల్లో వాళ్ల నాన్న ఇదే దుకాణం ముందు నిలబడి, ఇది ఎవరి దుకాణమని అడిగేవాడు. అది ఇద్దరూ చూశారు.

మర్నాడు ఇద్దరూ కామారెడ్డి బస్సెక్కారు. డాక్టర్ వినీత అంతా విని, "ఇంకేమన్నా మందులు వాడుతున్నరా?" అంది.

"ఏం లేవు మేడం."

"తాకత్ గోళి ఉన్నది కద జీ" అని తహ్మీనా సంచిలోంచి గోళీల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. తాజుద్దీన్ పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు శ్రద్ధగా చూశాడు. గోళీ జిమ్ములో ఇచ్చారని చివరికి ఒప్పుకున్నాడు.

సాయంత్రానికి వచ్చిన రక్తపరీక్షలో థైరాయిడ్, విటమిన్ బీ-12 బాగానే ఉన్నాయి. ఈస్ట్రోజన్ మాత్రం దాదాపు అడుగంటింది.

"ఆడోళ్ల హార్మోన్ అని పేరు పెట్టినం గని, మగోళ్లకు సుత అది కొంత కావాలె" అంది డాక్టరమ్మ. "ఎముకలకు, కీళ్లకు, మనసుకు కావాలె. మెదడు సుత టెస్టోస్టిరాన్ల కెల్లి కొంత ఈస్ట్రోజన్ చేసుకొని వాడుకుంటది. మీరు దాన్ని మొత్తం బంద్ చేసిండ్రు."

"గందుకేనా మతిమరుపు?"

"మొత్తం గందుకే అని నేను చెప్పలేను. మెదడు సంగతి ఇంకా పరిశోధన నడుస్తున్నది. గోళి ఆపి చూద్దాం. తగ్గకుంటె ఇంకా పరీక్షలు చేద్దాం. చాతి నొప్పి, వాపు వస్తె నాకు చెప్పాలె, సూది మోతాదు మారుద్దాం. గిసొంటియి జిమ్ముల అడుగుతరా?"

బయటికొచ్చాక తహ్మీనా అంది: "నాతోని ఇన్నేండ్ల సంసారం చేసిండ్రు. చిటికెడు ఆడ హార్మోన్ కు భయపడ్డరా?"

ఆయన నిన్న సరుకు కొన్న బజారు వైపు గబగబా నడిచాడు. బండి దొరికింది. ముందు రోజు పెట్టిన చోటే, దుమ్ము పట్టి నిలబడి ఉంది.

మార్పు ఒక్కసారిగా రాలేదు. ముందు నిద్ర వచ్చింది, తర్వాత కణుపులు వదిలాయి. మాటలు మాత్రం నెలల తరబడి ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. ఇప్పటికీ కొన్ని పేర్లు తడుముకుంటాడు. అది వయసు కావచ్చు, గోళీ మిగిల్చినదీ కావచ్చు. జమ్లి వస్తే మాత్రం ముందే లేచి నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు. ఆమె ఒక్కోసారి "నేను ఈరవ్వను" అని ఏడిపిస్తుంది.

కోపం అక్షయ్ మీద కొన్నాళ్లుంది. ఒకరోజు జిమ్ముకు పోతే, అక్షయ్ మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "నిద్ర వట్టట్లేదన్నా, ఊకె చికాకు" అన్నాడు.

తాజుద్దీన్ కోపం ఎటు పోయిందో పోయింది. "రేపు కామారెడ్డి పోదాం పా. నీ గోళీలన్ని జేబుల ఏస్కో" అన్నాడు.

ఆస్పత్రి గుమ్మం ముందు కండల మనిషి ఆగిపోయాడు. "అన్నా, లోపట ఉన్నది ఆడ డాక్టరా?"

"అవ్. నడువ్" అని తాజుద్దీన్ అతని వీపు మీద చెయ్యేసి లోపలికి తోశాడు.