417వ నంబరు పుస్తకం

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్లీ కుదురుకున్న ఏడాది, జూన్ నెల బదిలీల్లో, నందిగామ నుంచి జగ్గయ్యపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు తెలుగు స్కూల్ అసిస్టెంటుగా వెళ్లాను. ఊరి పేరు రాయను. హైవే మీద బస్సు దిగి ఆటోలో ఇరవై నిమిషాలు పోవాలి. బడి వెనక గోడ దాటితే సున్నపురాయి క్వారీ. మధ్యాహ్న భోజనాలయ్యాక రోజూ ఒక సైరన్ మోగేది. అది ఆగిన రెండు నిమిషాలకు రాళ్లు పేల్చేవారు. కిటికీ రెక్కలు వణికేవి. బోర్డు మీది సుద్దపొడి దానంతటదే రాలేది. పిల్లలు సైరన్ వినగానే తలలు బల్లల మీద పెట్టి, కళ్లూ చెవులూ మూసుకునేవారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆరో తరగతిలో చేరిన వారానికే అలవాటైపోయేది.

స్టాఫ్ రూములో నా పేరు కోతల మాస్టారు. ఆ పేరు అన్యాయంగా వచ్చింది కాదు. వీరులపాడులో పనిచేసినప్పుడు కిటికీలో కూర్చుని నా పాఠాలు విన్న కొండముచ్చు ఒకటి, ఏడాది తిరిగేసరికి పద్యంలో గురులఘువులు గుర్తుపట్టిందని చెప్పేవాణ్ని. గురువుకు రెండుసార్లు, లఘువుకు ఒకసారి తోక ఊపేదని చెబితే కొత్తగా వచ్చిన సైన్సు టీచరు నిజమా అని అడిగింది కూడా. ఇప్పుడు రాసేది ఆ వరసలోది కాదు. మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. దీన్ని నమ్మనివాళ్లలో మొదటివారు మా హెచ్.ఎం. గారే.

ముందు పద్ధతి చెప్పాలి. బడుల్లో ఏడాదికి నాలుగుసార్లు నిర్మాణాత్మక మూల్యాంకనం ఉంటుంది. అందులో పది మార్కులు పాఠ్యపుస్తకం బయట చదివిన దానికి. పిల్లవాడు లైబ్రరీ పుస్తకం ఒకటి చదివి తన స్పందన రాయాలి. కాగితం మీద ఇంత మంచి పద్ధతి ఇంకోటి లేదు. అసలు సంగతేమిటంటే, లైబ్రరీ అంటే హెచ్.ఎం. గదిలో ఒక ఇనప బీరువా. దానికి ఇన్‌చార్జి ఒక టీచరు. పుస్తకం పోతే సంజాయిషీ రాయాల్సింది ఆయనే. అందువల్ల చాలా బడుల్లో బీరువా తెరవరు. తనిఖీ వస్తుందని తెలిసినప్పుడు ఇష్యూ రిజిస్టరు తీసి, ఏ పుస్తకం ఏ పిల్లవాడికి ఎప్పుడిచ్చామో ఒక్క పూటలో రాసేస్తారు. సంతకాల గడి కోసం నాలుగు రంగుల పెన్నులు పక్కన పెట్టుకుంటారు. ఈ బడిలో ఆ ఇన్‌చార్జి నేనే, నేనూ అదే చేశాను.

మండల విద్యాశాఖాధికారి మర్నాడు వస్తున్నారని కబురొచ్చిన రోజు, స్టాక్ రిజిస్టరు ముందు పెట్టుకుని పదో తరగతి పేర్ల ఎదురుగా పుస్తకాలు రాస్తూ పోయాను. పిల్లలు ముప్పై ఒక్క మంది. స్టాక్ రిజిస్టరులో చాలా పేజీలు చెదలు తినేశాయి. చదవడానికి వీలైన పేర్లు ముప్పైతో అయిపోయాయి. మిగిలిన పేరు హారిక. ఆగస్టులో వేరే బడి నుంచి టి.సి. మీద వచ్చి చేరిన పిల్ల. హాజరు పట్టీలో చివరి వరస, క్లాసులో కిటికీ పక్క బల్ల. సరిగ్గా అప్పుడే క్వారీలో పేలింది. అటు చూసి, చేతికొచ్చిన పేరు రాశాను: 'రాళ్ల కింది బడి'. రచయిత గడిలో పైవాడికే డిట్టో పెట్టాను. నంబరు 417. హారిక సంతకం కూడా నేనే చేశాను, కాస్త ఎడమకు ఒరిగించి.

ఎం.ఇ.ఓ. గారు మామూలుగా అయితే చివరి పేజీ కింద సంతకం పెట్టి టీ తాగి వెళ్తారు. ఆ రోజు మాత్రం రిజిస్టరు పట్టుకుని క్లాసుకే వచ్చి ముందు బల్ల మీద పెట్టారు. ఎవరి పేరు మీద ఏ పుస్తకం ఉందో ఆ పుస్తకం గురించే, 'ఈ ఏడాది నా బడి, నేను చదివిన పుస్తకం' అని రాయించండి అన్నారు. ఎర్ర సిరాతో సంతకం పెట్టారు. ఇక ఆ పేజీలో కొట్టివేతలకు వీల్లేదు.

పిల్లలు వారంలో రాసిచ్చారు. ముప్పై మంది రాసింది ఒకటే: ఈ పుస్తకం చాలా బాగుంది, ఇందులోని నీతి నాకు నచ్చింది, ఈ ఏడాది నేను క్రమశిక్షణ నేర్చుకున్నాను. హారిక ఎనిమిది పేజీలు రాసింది. అందులో కొంత ఇలా ఉంది:

"ఈ ఏడాది నేను కొత్త బడికి వచ్చాను. నాకు ఇచ్చిన పుస్తకం పేరు రాళ్ల కింది బడి. అట్ట గోధుమ రంగు. నూట పన్నెండో పేజీ కింది మూల చిరిగి ఉంది. కథలో ఒక బడి ఉంటుంది. అక్కడ రోజూ సైరన్ మోగితే పిల్లలు కళ్లు మూసుకుంటారు. తెరిచేసరికి క్లాసులో ఒకరు ఎక్కువ ఉంటారు. కొత్తగా వచ్చింది ఎవరో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అన్నీ తెలిసిన ముఖాలే. మాస్టారు లెక్కపెడితే మాత్రం తేడా వస్తుంది. ఈ ఏడాది మా బడిలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, ముందు పేరు రాస్తే చాలు, మిగతాది తర్వాత వస్తుంది."

అట్ట రంగు దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాను. పేరు రాసిన క్షణంలో నా మనసులో మెదిలిన అట్ట రంగు అదే. గోధుమ రంగు అట్ట ఎవరికైనా తోస్తుందిలే అని సర్దిచెప్పుకుని, ఆ పిల్లను పిలిచి అడిగాను.

"ఈ పుస్తకం ఎక్కడ చదివావమ్మా?"

"మీరిచ్చిందే కదండీ."

"నేనెప్పుడిచ్చా?"

"రిజిస్టర్లో ఉంది కదా సార్. నా సంతకం కూడా ఉంది. కొంచెం ఎడమకి ఒరిగింది."

కళ్లు దించలేదు. వెటకారమూ లేదు. పదికి పది వేసి పంపించాను.

ఆ తర్వాత సైరన్ మోగినప్పుడల్లా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చదువుకున్నవాడు చేయాల్సిన పని కాదని తెలుసు. నెల రోజులు లెక్క సరిపోయింది. డిసెంబరులో ఒకరోజు హాజరు పూర్తిగా ఉంది. భోజనాల దగ్గర వంట చేసే నాంచారమ్మ గరిటె పట్టుకుని నా మీదికొచ్చింది.

"సారూ, పదో తరగతికి ముప్పై ఒకటని చెప్పావా లేదా? లెక్కపెట్టి ఇచ్చా గుడ్లు. ఒకళ్లకి అందలేదంటన్నారు."

"ఎవరికి అందలేదు?"

"అదే చెప్పరు. అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటన్నారు. మీ తెలుగు సార్లకి లెక్కలు రావులే."

క్లాసుకు వెళ్లాను. సైరన్ మోగింది. తలలు వంగాయి. రాయి పేలింది, సుద్దపొడి రాలింది, తలలు లేచాయి. వరసలవారీగా వేలితో లెక్కపెట్టాను. ముప్పై రెండు. వెనక నుంచి ముందుకు మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై రెండే. ఒక్కొక్క ముఖమూ చూశాను. తెలియని ముఖం ఒక్కటీ లేదు. పేర్లు పిలుద్దామని హాజరు పట్టీ తెరిచేసరికి కిటికీ పక్క నుంచి హారిక నెమ్మదిగా అంది:

"ఇంక లెక్కపెట్టకండి సార్. పుస్తకంలో మాస్టారు కూడా ఇక్కడే ఆపేస్తాడు."

నేనూ ఆపేశాను. పట్టీ మూసి సమాసాలు చెప్పాను. ఆ పీరియడు ఏ సమాసానికి ఏ ఉదాహరణ ఇచ్చానో నాకే తెలియదు.

ఫిబ్రవరిలో అసలు చిక్కు వచ్చింది. మా హెచ్.ఎం. మేడమ్ రూలు మనిషి. పదో తరగతి హాల్ టికెట్ల మీద సంతకం, సీలు వేసే ముందు ప్రతి పిల్లకూ 'బాకీ లేదు' అని ధ్రువీకరణ కావాలన్నారు. అంటే లైబ్రరీ పుస్తకం తిరిగి బీరువాలోకి చేరాలి. ఆవిడే స్వయంగా బీరువా తెరిచి టిక్కులు పెట్టారు. ముప్పై పుస్తకాలు కదలకుండా అక్కడే ఉన్నాయి కాబట్టి ముప్పై మందీ తిరిగి ఇచ్చినట్టే. 417 లేదు. నోటీసు బోర్డు మీద ఒక్క పేరుతో జాబితా అంటించారు. సోమవారంలోగా అదే పుస్తకం తెస్తేనే హారికకు హాల్ టికెట్.

నేను ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ ఆ ఏడాది హెచ్.ఎం. ప్రమోషన్ల జాబితాలో నా పేరు పైకి వచ్చింది. తప్పుడు రికార్డు రాశానని ఒప్పుకుంటే ఛార్జ్ మెమో వస్తుంది. మెమో నడుస్తుండగా ప్రమోషన్ రాదు. శుక్రవారం హారిక వాళ్లమ్మ బడికి వచ్చింది. క్వారీ దగ్గర లారీలు కడిగే పని ఆవిడది. వేళ్ల సందుల్లో తెల్లటి దుమ్ము ఇంకిపోయి ఉంది.

"ఇల్లంతా వెతికా సార్. మంచం కింద, బియ్యం డబ్బా ఎనక, అటక మీద. నా పుస్తకం పోలేదమ్మా అంటది పిల్ల. మరి యాడుందే అంటే నవ్వుద్ది. పరీక్ష రాయనియ్యకపోతే దాని చదువు ఇంతటితో సరి సార్. వాళ్ల నాన్న ఎప్పుడెప్పుడు మానిపిద్దామా అని చూస్తన్నాడు."

"దొరుకుద్దిలేమ్మా," అన్నాను.

ఆ పుస్తకాన్ని పుట్టించిన నేనే ఆ మాట అన్నాను. ఆవిడ దణ్ణం పెట్టి, మళ్లీ వెతకడానికి ఇంటికి వెళ్లింది.

సోమవారం పొద్దున్నే నందిగామలో మొదటి బస్సు ఎక్కాను. ప్రార్థన గంట కొట్టకముందే మేడమ్ గదిలోకి వెళ్లి, నిలబడే చెప్పాను: 417 అనే పుస్తకం లేదు, ఎప్పుడూ లేదు, పేరూ నేనే పెట్టాను, పిల్ల సంతకమూ నేనే చేశాను, ఏ మెమో ఇచ్చినా తీసుకుంటాను.

మేడమ్ కళ్లజోడు మీదుగా నన్ను చూసి నవ్వారు.

"కొండముచ్చు కథ పాతబడిందా మాస్టారూ? పొద్దున్నే కొత్తది ఎత్తుకున్నారు?"

"నిజమండీ."

"నిజమే అయితే ఇదేంటి?" అని బల్ల మీది పుస్తకం నా వైపు తోశారు. "ఆ అమ్మాయి ఇందాకే ఇచ్చి వెళ్లింది. చేతిరాత ప్రతి. పూర్వ విద్యార్థులెవరో రాసిచ్చినట్టున్నారు. రెండు పేజీలు చదివా, బాగుంది. ఇలాంటివి భద్రంగా పెట్టాలండీ. మీరేమో లేదంటున్నారు!"

గోధుమ రంగు అట్ట. జగ్గయ్యపేటలో ఆఫీసు రిజిస్టర్లు కుట్టేవాళ్లు వేసే గట్టి బైండు. వెన్ను మీద అంటించిన చీటీలో 417. లోపల పేజీ పేజీకీ అంకె, నీలం సిరా. నూట పన్నెండో పేజీ తిప్పాను. కింది మూల చిరిగి ఉంది. చివరి పేజీ తిప్పాను. అక్కడ ఇలా ఉంది:

"మాస్టారు నిజం చెప్పడానికి సోమవారం పొద్దున వెళ్లాడు. పెద్ద మేడమ్ నవ్వింది. పుస్తకం అప్పటికే బల్ల మీద ఉంది."

అది చదివేసరికి నేను నిలబడి ఉన్నది ఆ బల్ల ముందే. వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు. మేడమ్ హాల్ టికెట్ మీద సీలు వేసి, పిల్లకిచ్చేయండి అని నా చేతిలోనే పెట్టారు.

హారిక వరండాలో ఉంది. హాల్ టికెట్ తీసుకుని, ఫొటో సరిగా ఉందో లేదో ముందు చూసుకుంది. ఎప్పుడు రాశావని అడిగాను.

"రిజిస్టర్లో నా పేరు చూసిన రోజు మొదలెట్టానండీ. పుస్తకం లేకపోయినా, పోయిందంటే నన్నే అడుగుతారు కదా."

"నేను సోమవారం చెబుతానని నీకెలా తెలుసు?"

"మీరు చెప్తారని తెలుసండీ. మీకు సోమవారం దాకా టైముంది కదా, చివరిరోజే చెప్తారనుకున్నా. అందుకే పుస్తకం ముందే ఇచ్చేశా. మీరు చెప్పాక ఎంక్వయిరీ అంటారు, కాగితాలు అంటారు. నా హాల్ టికెట్ మాత్రం ఈ రోజేగా."

అడగలేక అడిగాను. "డిసెంబరులో ఆ రోజు ముప్పై రెండు వచ్చింది. అది ముందే ఎలా రాశావ్?"

మొదటిసారి ఆ పిల్ల ముఖంలో భయం కనిపించింది.

"నేను కథ రాశానండీ. లెక్కపెట్టింది మీరు. నిజంగా వచ్చిందా సార్?"

వచ్చిందని చెప్పలేదు. ఆ రోజు ఎవరిని రెండుసార్లు లెక్కపెట్టానో, అసలు పెట్టానో లేదో, ఆ గుడ్డు ఎవరికి అందలేదో నాకు ఈనాటికీ తెలియదు. పాఠకులకు ఏదైనా కల్పించి చెప్పగలను. చెప్పను.

హారిక పరీక్షలు రాసి, పాసై, ఇంటర్‌కు నందిగామ వెళ్లింది. నాకు ప్రమోషన్ వచ్చింది, తీసుకున్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. హెచ్.ఎం.గా పనిచేసినన్నాళ్లూ, యాభై రెండో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకునే వరకూ, బీరువాకు తాళం వేయలేదు. పుస్తకం పిల్లవాడి చేతిలో కనపడితే తప్ప రిజిస్టరులో గీత గీయనివ్వలేదు. ఏటా రెండు మూడు పుస్తకాలు పోయేవి. సంజాయిషీలు నేనే రాసుకున్నాను.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. రిజిస్టరులో రాసిన ప్రతి వరసకూ ఒక రోజు ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. రాసినవాడు ఆలస్యం చేస్తే, ఆ పని ఆ గడిలో పేరున్న మనిషి మీద పడుతుంది.