మూలలు మాత్రమే చూసిన కార్డు

మొన్న పొద్దున పోస్టాయన ఒక కవరు ఇచ్చిపోయినాడు. మా కోడలు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, విప్పకుండానే ఫ్రిజ్ మీద పెట్టేసింది. "ఏముంటాదిలే అత్తా, బ్యాంకోళ్లదో బీమావోళ్లదో," అనింది. నేను చెరుగుతున్న బియ్యం చాట పక్కన పెట్టి, కవరు దింపి, చింపి చదివితే నిజంగా బీమావోళ్లదే. "చెప్తే ఇనవు గదా," అని కోడలు ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఉత్తరం విప్పకుండా పక్కన పెట్టే పని ఆ పిల్ల నిన్న మొన్న నేర్చుకుంది, నేను ఎప్పుడో ఆరితేరినదాన్ని.

నేను చదివింది ఐదో తరగతి. అప్పట్లో ఆళ్లగడ్డలో మా వీధికి ఆ చదువే ఎక్కువ. పోస్టన్న సైకిలు గంట వినపడితే చాలు, తినే సంగటి వదిలేసి ఎంగిలి చేత్తోనే పరిగెత్తేదాన్ని. "చెయ్యి కడుక్కోని రాపో మ్మేయ్, కార్డంతా పప్పు పూస్తావు," అని అరిచేవాడు ఆయప్ప. ఎవరికి కార్డు వచ్చినా చదివిపెట్టేది నేనే. చదివితే గుప్పెడు శనగలు ఇచ్చేవాళ్లు. ఒకామెకు కూతురింటి బర్రె ఈనిందని కార్డు వస్తే, అంత చిన్న సంగతికి శనగలు తక్కువ పెడతాదేమోనని, దూడకు నొసట తెల్లచుక్క ఉందని కూడా కలిపి చదివినాను. ఆమె ఆ ఊరికి పోయి దూడను చూసి వచ్చి, నేరుగా మా ఇంటికొచ్చి నా చెవి మెలిపెట్టింది.

కార్డు చదవకముందే దాని సంగతి తెలిసిపోయే గుర్తులు ఉండేవి. మూలలకు పసుపుంటే పెండ్లో, పేరంటమో. ఒక మూల చింపింటే ఎవరో పోయినారని. ఆ కార్డును గడప దాటనిచ్చేవాళ్లు కాదు, బయటే నిలబడి చదివి చించేసి, కాళ్లు కడుక్కోని లోపలికి వచ్చేవాళ్లు. రెండూ కాకపోతే ఉత్త క్షేమసమాచారం. చదివినాక దాన్ని గోడకు వేలాడే ఇనుపకమ్మీకి గుచ్చేవాళ్లు. ప్రతి ఇంట్లో అట్లాంటి కమ్మీ ఒకటి, ఏండ్ల తరబడి ఉత్తరాలు గుచ్చుకోని, బరువుగా వేలాడేది.

ఊరందరివీ చదువుతాను గానీ నా పేరు మీద ఒక్కటీ రాదని ఒకసారి ఏడిస్తే, మా మేనత్త నవ్వింది. గచ్చు మీద బొగ్గుతో నాకు అఆలు దిద్దించింది ఆమే. ఆమెను కోయిలకుంట్లకు ఇచ్చినారు. తిరిగిపోయిన వారానికే పోస్టన్న వీధి మొగదల నుంచి నా పేరు పెట్టి పిలిచినాడు. నాయన పేరు కాదు, నా పేరు! "మా కోడి పదకొండు పిల్లలు చేసింది. ఒకటి కుంటిది. అందరికన్నా ముందు అదే ఉరుకుతాది. దానికి నీ పేరు పెట్టినా," అని ఉంది కార్డులో. అక్షరాలు చెరిగిపోయేదాకా దాన్ని దిండు కింద పెట్టుకోని పండుకున్నాను.

పెండ్లయి నంద్యాలకు వచ్చినాక ఉత్తరాల రంగు మారిపోయింది. ఒకరికి జబ్బు, ఒకరికి పొలం తగాదా, ఇంకొకరు మనల్ని మర్చిపోయినారని నిష్ఠూరం. "పోస్ట్" అని కేక వినపడితే ఎవరు ఏమడుగుతారో అని వాకిట్లోకి పోయేదానికే జంకేదాన్ని. చేతికి రాగానే మూలలు చూసేదాన్ని. చింపలేదు, బతికినాం. పసుపు లేదు, ప్రయాణం లేదు. ఇంక కమ్మీకి గుచ్చేయడమే, తీరిక దొరికినప్పుడు చూద్దామని. పిల్లలు, పొయ్యి, నీళ్లు మోసేది, తీరిక యాడిది? మేనత్త కార్డులు కూడా అట్లే పోయేవి. మామ పోయినాక ఆమె ఆళ్లగడ్డలో మా పుట్టింటికే వచ్చేసింది. నెలకు రెండు రాసేది. ఏముంటాదిలే, కోళ్లు, మోకాళ్ల నొప్పులు అనుకునేదాన్ని.

తమ్ముడి బిడ్డను తొట్లెలో వేస్తుంటే ఆళ్లగడ్డకు పోయినాను. అత్త నా మొగానికి మొగం ఆనించి చూసింది. "ఏమ్మీ, ఆ సోమవారం రాలేదే? మధ్యాన్నం దాకా నంద్యాల బస్టాండులో కూసోనుంటి."

"ఏ సోమవారం అత్తా?"

"కార్డు రాసినా గదా! కండ్లు ఆనడంల్యా, చెయ్యి పట్టుకోని ఆస్పత్రికి తీసకపోమని. బోర్డు కనపడదు, దారి తెలీదు, మీ ఇంటికి యాడ వస్తా? కండక్టరే పాపం తిరుగు బస్సు ఎక్కించినాడు."

"నాకు రాలేదత్తా," అనేసినాను. రాలేదని నాకేం తెలుసు? చూడనిదాన్ని రాలేదనేసినాను, అంతే.

అప్పుడే పోస్టన్న వీధిలో పోతున్నాడు. అత్త అరుగు మీద నుంచే అందుకుంది. "ఏమప్పా, నీ చేతికే ఇచ్చినా గదా నంద్యాల కార్డు! యాడ పారేసినావ్?"

"సంచిలో ఏసినా తల్లీ, నా బిడ్డల మీద ఒట్టు."

"ఒట్లెందుకు పెడతావ్ పో! నా కండ్లు పోతాంటే నీకు ఆటగా ఉండాది."

చుట్టాలంతా చూస్తున్నారు. ఆయప్ప నా వైపు చూసినాడు. ఎంగిలి చేత్తో ఆయన సైకిలు వెంట పరిగెత్తిన నేను, తొట్లె తాడు సరిచేస్తున్నట్టు అటు తిరిగినాను.

ఇంటికొచ్చి కమ్మీ దింపి దులిపితే, కార్డు అందులోనే ఉంది. నాలుగు మూలలూ బాగున్నాయి. అక్షరాలు ఒక వరస మీద ఇంకో వరస ఎక్కినాయి. నాకు రాత నేర్పిన చెయ్యి అది. తమ్ముడు ఆమెను ఆస్పత్రికి తీసకపోయేసరికి రెండు నెలలు దాటింది. ఒక కన్ను దక్కింది. రెండోదానికి, ముందే వచ్చింటే చూద్దుము, అన్నాడంట డాక్టరు.

ఆ తర్వాత అత్త పంపిన ప్రతి కార్డుకూ నాలుగు మూలలా పసుపుండేది. కోళ్ల సంగతికీ పసుపే, గోంగూర సంగతికీ పసుపే. "పసుపు చూస్తే పోస్టోళ్లు భయపడి పారేయరు, ఇంక నీకు తప్పకుండా అందుతాయి," అని రాసింది. అన్నీ అందినాయి. గడపలో నిలబడే చదివి, ఆ దినమే జవాబు రాసేదాన్ని. రాయాల్సిన ఒక్క ముక్క మాత్రం ఎప్పుడూ రాయలేదు. అత్త మళ్లీ పోస్టన్న చేతికి కార్డు ఇవ్వలేదు, కనపడీ కనపడని కన్నుతో తడుముకుంటా డబ్బా దాకా తానే పోయి వేసేది. ఆయప్ప ఆ మచ్చతోనే రిటైరైపోయినాడు. అత్త పోయిన కబురు ఫోన్లో వచ్చింది. చింపేదానికి మూల కూడా లేదు.

ఎన్ని ఏండ్లయిందో లెక్క పెట్టుకోలేదు గానీ, ఇప్పటికీ సోమవారం ఆళ్లగడ్డ బస్సు హారన్ వినపడితే, ఆ పొద్దు ఇంకా మధ్యాన్నం కాలేదని, చెంగు సర్దుకోని పరిగెత్తితే అందుకుంటానని అనిపిస్తాది నాకు.