మగ్గం గుంతలో ఆడబిడ్డ

సుల్తానాబాద్ సాలెల వాడలో పర్శరాములుకు ఒకటే పిచ్చి: గడప దాటి లోపలికొచ్చిన ప్రాణి ఏదైనా సరే, ఆయనకు చుట్టమే. చీమలొస్తే చక్కెర చల్లేవాడు. పిల్లి వస్తే "ఎండల వడి వచ్చినవ్, జర కూసో" అని పీట వేసేవాడు. ఒకసారి తేలుకూ మర్యాద చేయబోయి, చెయ్యి వాచి మూడు రోజులు మగ్గం ఎక్కలేదు. అయినా "తప్పు నాదే, అడగకుంట ముట్టిన" అన్నాడు తప్ప తేలును పల్లెత్తు మాట అనలేదు.

ఎదురింటి రామవ్వ ఇదంతా కిటికీలోంచే చూసేది. ఆమె భర్త పోయి రెండేళ్లయింది. శుభకార్యాలకు ఎవరూ పిలవరు. ఎక్కడికైనా బయలుదేరినవాళ్లు ఆమె ఎదురైతే వెనక్కి పోయి మంచినీళ్లు తాగి వస్తారు. ఎందుకొచ్చిన బాధ అని ఆమే తలుపు మూసుకుంది. మాట్లాడటానికి పొయ్యి తప్ప ఎవరూ లేరు. ఆ ఒంటరితనం ఆమెను తినేస్తోంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు వానలు పడలేదు. వాడ పిల్లలు రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకున్నారు. సాయంత్రానికి నిజంగానే వాన దంచింది. పిల్లలు రోకలి పారేసి తడవడానికి ఉరికారు. పర్శరాములు ఆ కప్పను విప్పి, తువ్వాలలో పెట్టుకుని, రామవ్వ తలుపు దబదబా బాదాడు.

"అక్కా! మా ఇంటికి ఆడబిడ్డ వచ్చింది. జర వచ్చి బొట్టు పెట్టు!"

రామవ్వ తువ్వాలలోకి తొంగి చూసి అదిరిపడింది. "గిది కప్ప కదరా!"

"వాన తెచ్చిన బిడ్డ. ఒడిబియ్యం పొయ్యకుంటె ఎట్ల?"

"దీనికి ఒడి యాడున్నది? అయినా నేను బొట్టు పెట్టొద్దు. ముత్తైదువలను పిలువు."

"పిలిచిన. కప్ప అనంగనె అందరు ఉరికిండ్రు. నువ్వే నిలవడ్డవ్."

రామవ్వకు నవ్వాగలేదు. ఆయన ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిడికెడు బియ్యం పోసేసరికి, ఆడబిడ్డ ఎగిరి మగ్గం కింద కాళ్లు పెట్టే గుంతలో పడింది. తొక్కితే తగులుతుందని పర్శరాములు ఆ పూట నేతే మానేశాడు.

మర్నాటి నుంచి రోజూ పిలుపే. "అక్కా, బిడ్డ అలిగింది!" "అక్కా, బిడ్డ సప్పుడు చేస్తలేదు, జర వచ్చి సూడు!" చీకటి గుంతలో రామవ్వ కళ్లకు ఏమీ ఆనేది కాదు. "అగో, ఆ మూలకున్నది" అనేవాడు పర్శరాములు. ఆమె అక్కడే కూర్చుని, రాట్నం మీద నూలు కండెలు చుడుతూ, కబుర్లు చెప్పి, ఇంత మక్కగట్క తిని వెళ్లేది.

నెల గడిచింది. ఒక పొద్దున పర్శరాములు నూలుకని బజారుకు పోయినప్పుడు, పక్కింటి అనసూర్య వచ్చి, గుంత పక్కన కప్పకు కాపలా కూర్చున్న రామవ్వను చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇంకేం కప్ప పెద్దవ్వా? రెండోనాడే మోరి నీళ్లల్ల దుంకి పోయింది. ఈయన దండం పెట్టి సాగనంపంగ నేనే సూసిన."

"మరి బొట్టుకు మిమ్ముల పిలిస్తె ఉరికిండ్రట?"

"ఎవలు పిలిచిండ్రు? కప్పను సూస్తమని మేమే వస్తె, 'మా అక్క చేతనే పెట్టిస్త' అని ఎల్లగొట్టిండు!"

రామవ్వ చేతిలో రాట్నం ఆగిపోయింది. అనసూర్య వెళ్లాక వంగి ఖాళీ గుంతలోకి చూసింది.

అంతలో పర్శరాములు నూలు మూటతో వచ్చాడు. "అక్కా, బిడ్డెట్లున్నది?"

"మెల్లగ మాట్లాడు, ఇప్పుడే పండింది" అంది రామవ్వ మళ్లీ రాట్నం తిప్పుతూ. "రేపు జర పొద్దుగాల్నే వస్త. దానికి నేను లేంది తోస్తలేదు."