తెర మీద నా ఊపిరి

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో మాకు పిండి గిర్ని ఉండేది. మేడ మీద అద్దెకున్న స్రవంతి, గాలిలోని దుమ్ము మనిషి ఊపిరితిత్తుల్లో ఎక్కడిదాకా పోతుందో కంప్యూటర్లో చూసే పరిశోధన చేసేది. దగ్గు తగ్గక నేను తీయించుకున్న ఛాతీ స్కాన్ అడిగి తీసుకుంది.

ఒక ఆదివారం మా ఆయన్నీ నన్నూ పైకి పిలిచింది.

"ఇవి మీ ఊపిరితిత్తులే ఆంటీ. ఇప్పుడు పిండి దుమ్ము వదులుతున్నాను, చూడండి."

కంప్యూటర్ తెర మీద నీలంగా మెరిసే సన్నటి దారుల్లోకి బంగారు చుక్కలు తేలుతూ దిగసాగాయి. పొద్దుటి ఎండలో మా గిర్నిలో తేలే పిండిలాగే ఉన్నాయి. కలలో నాలోకి నేనే దిగిపోతున్నట్టు అనిపించింది. చుక్కలు కొసల దాకా చేరి అక్కడే నిలిచిపోయాయి. తర్వాత నాకు అంతా మసకబారింది.

కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. స్రవంతి నా మొహాన నీళ్లు చల్లుతోంది.

"ఏమైందే?" అన్నాడు మా ఆయన కంగారుగా.

"గవి లోపలికి పోతుంటే భయమై ఊపిరి ఆపిన" అన్నాను సిగ్గుపడుతూ.

స్రవంతి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన నవ్వలేదు. "గవి మల్ల బయటికి రావా బిడ్డా?" అని అడిగాడు.

"కొన్ని రావు అంకుల్."

మర్నాడు గిర్ని మొదలుపెట్టే ముందు ఆయన తన దస్తీ నా ముక్కుకు కట్టి, "ఊపిరి మంచిగ ఆడుతుందా?" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి.