కండ్లు గీసే ఓబళప్ప

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. కబ్బన్‌పేటలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, మగ్గం ముట్టకుండా బతికినవాడు ఓబళప్ప. మీసాలు రాకముందే తెల్లసైన్యం ఉండే దండులో ఒక ఫోటో దుకాణంలో చేరి నల్లగుడ్డ కింద తల దూర్చడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు ఒక పాత చెక్క కెమెరా సంపాదించి, చిక్కపేట సందులో ఒక చీకటి గది బాడుగకు తీసుకుని, తనూ ఒక ఫోటోల వాడినని బోర్డు కట్టాడు.

బోర్డు చూసి బతికున్నవాళ్లెవరూ రాలేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని నేతగాళ్ల వీధుల్లో గట్టి భయం ఉండేది. ఆ భయం మనిషితోపాటే పోయేది. ప్రాణం పోయిన మరుక్షణం, అయ్యో ఒక్క ఫోటో అయినా లేదే అని ఇంటివాళ్లు ఓబళప్ప కోసం పరుగెత్తుకొచ్చేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు పంచె బిగించి, దవడ కట్టిన గుడ్డ కనపడకుండా తలపాగా చుట్టి, మెడలో దండ వేసి, కానీ అప్పా అనేవారు. ఓబళప్ప ఫోటో తీసి, అచ్చు వేసి, మూసుకున్న రెప్పల మీద సన్నటి కుంచెతో తెరిచిన కళ్లు గీసి ఇచ్చేవాడు. అందుకే అతనికి కండ్లు గీసే ఓబళప్ప అని పేరు వచ్చింది. నిజం చెప్పాలంటే అతనికి వచ్చింది ఒకే రకం కళ్లు. ముసలివాడికీ అవే, బాలింతకూ అవే. ఏ ఇంటి గోడ చూసినా అవే కళ్లు. ఏడ్చేవాళ్లకు కళ్లంటూ ఉంటే చాలు, ఎవరివైతేనేం? అడిగినవాడు లేడు.

అడిగింది అతని భార్య అక్కయమ్మ. అక్క కూతురే భార్య కాబట్టి చిన్నప్పటి నుంచీ అతన్ని మామా అనే పిలిచేది. ఆమె తల్లి, అంటే ఓబళప్ప సొంత అక్క, పోయినప్పుడు కూడా ఫోటో తీసి కళ్లు గీసింది అతనే. పటం గోడకెక్కిన రోజు అక్కయమ్మ దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది.

“ఇవి మాయమ్మ కండ్లు కాదు మామా,” అంది. “ఎదురింటి పార్వతమ్మ మామకు పెట్టినావే, ఆ కండ్లు.”

అక్కయమ్మ అతని చెయ్యి పట్టుకుని తన అరచేతిలో ఒట్టు వేయించుకుంది.

“నన్ను మాత్రం నీ పెట్టెలోకి తొయ్యొద్దు. బతికుండంగా తీస్తే ఆయుస్సు తగ్గుతాది. సచ్చినాంక తీస్తే కండ్లు మారతాయి. రెండూ నాకొద్దు.”

సరేనన్నాడు. అప్పుడామెకు ఏ జబ్బూ లేదు. మాట ఇవ్వడానికి ఏం పోయింది?

జబ్బు తర్వాత వచ్చింది. కడుపున పుట్టిన ఇద్దరూ నిలవకపోయినా నిలబడిన మనిషి, దగ్గుకు ఒంగిపోయింది. పెద్దాసుపత్రిలో క్షయ అన్నారు. పేట సందుల్లో గాలి ఆడదు, బయట ఎక్కడైనా ఉంచమన్నారు. కాడుగోడిలో ఆమె తమ్ముడు చెన్నరాయప్పకు ఒక పాత ఇల్లు ఖాళీగా ఉంది. వెనక పెద్ద పెరడు. అక్కడికి మారారు. పగలు చూసుకోవడానికి పక్కింటి జయమ్మ ఒప్పుకుంది. ఓబళప్ప పొద్దున రైలెక్కి చిక్కపేటకు పోయి సాయంత్రం రైలుకు తిరిగొచ్చేవాడు.

పెరటి పంచలో నులకమంచం వేసుకుని అక్కయమ్మ రోజంతా పిట్టల్ని చూసేది. దగ్గుతూ చూసేది, దగ్గు ఆగాక మళ్లీ చూసేది. సాయంత్రం మొగుడు రాగానే ఆ రోజు కబుర్లన్నీ విప్పేది. పికిలిపిట్ట మొగుడూ పెళ్లాలు ఎట్లా కొట్లాడుకున్నాయో, తేనెపిట్ట మందారంలో ముక్కు పెట్టి ఎంతసేపు వేలాడిందో, కోడలు పిల్లలా ఎవరో తరుముతున్నట్టు గోడమీద పరుగెత్తే పిట్ట ఏదో, అన్నీ చెప్పేది. వింటూ వింటూ ఓబళప్పకు ఒక కోరిక పుట్టింది. జన్మంతా శవాల్ని తీసిన చేత్తో ఊపిరి ఉన్నదాన్ని ఒకదాన్ని తీయాలి. భయపడుతూనే అడిగాడు.

“పిట్టలకేమి మామా, తీసుకో,” అంది అక్కయమ్మ. “వాటికి గోడలుండవు, దండలు వేసేవాళ్లుండరు.”

ఆదివారాల్లో మొదలుపెట్టాడు. మనిషిని చూస్తే పిట్ట రాదు కాబట్టి గోనెసంచులు కుట్టి నాలుగు కర్రలకు కట్టి, దుకాణంలో వాడేది కాక ఇంకో పాత కెమెరాను అందులో దాచాడు. పొడవాటి రబ్బరు గొట్టం ఒకటి తెచ్చాడు. ఒక చివర కెమెరాకు తగిలించి, రెండో చివర రబ్బరు ఉండ పెడితే, ఉండను పిండినప్పుడు ఫోటో పడుతుంది. మిగతా రోజుల్లో తను ఉండడు. పిట్టలు వచ్చేదేమో ఎండెక్కాక. అందుకని పొద్దున అన్నీ సరిచేసి, ఆ ఉండను అక్కయమ్మ చేతిలో పెట్టి పోయేవాడు. పిట్ట వచ్చిందంటే ఆమె పిండేది. సాయంత్రం అతను ఫోటో పడిన గాజు ప్లేటు తీసి, మర్నాడు దుకాణంలో కడిగి, ఆరిన గాజును ఇంటికి తెచ్చి ఆకాశానికి ఎత్తి చూపేవాడు. నల్లటి పిట్ట అందులో తెల్లగా కనిపిస్తే ఆమె పగలబడి నవ్వి, ఆ నవ్వుకే దగ్గేది. ఇద్దరికీ పెళ్లినాడు కూడా అంత కులాసా లేదు.

అయితే అది యుద్ధకాలం. జపానువాడు బర్మా దాకా వచ్చి కూర్చున్నాడు. ప్లేట్లూ ఫిల్ములూ అన్నీ మిలిటరీకే పోతున్నాయి. తెలిసినవాళ్ల కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్నవి అయిపోయి, చివరికి రెండే రెండు ప్లేట్లు మిగిలాయి. వాటిని అక్కయమ్మ ఒకదానికి అట్టిపెట్టమంది. పంచకు ఎదురుగా అంజూర మొక్కలో ఆకుల్ని ఆకులకు కుట్టి ఒక చిన్న పిట్ట గూడు కట్టుకుంది. అక్కయమ్మ రాట్నం దగ్గర మిగిలిన నూలు పోగులు కంచె మీద పరిస్తే, ఆ పిట్ట ఏరుకుపోయి వాటితోనే కుట్టింది. నేతగత్తెకు అంతకంటే ఏం కావాలి? దాన్ని కుట్టుపిట్ట అని పిలుచుకుంది. పిల్లలు గుడ్లలోంచి వచ్చాక, తల్లి మేత పెడుతున్నప్పుడు తీయాలని ఆమె పట్టు.

ఆ రోజుల్లోనే డాక్టరు ఓబళప్పను పక్కకు పిలిచి, ఈ వానలు దాటడం కష్టమన్నాడు.

ఓబళప్ప రైల్లో కూర్చుని ఏడ్చాడు. మనిషి పోతుందన్న దుఃఖం ఒకటి. దాని వెనక ఇంకో భయం ఉంది, అది దుఃఖం కంటే పెద్దది. ఆమె పోయినాక ఆమె ముఖం ఏది? అచ్చులో నిలిచింది ఒక్కటీ లేదు. చెన్నరాయప్ప కుర్చీ తెస్తాడు, నడుముకు గుడ్డ కడతారు, కుంచె తీసుకోమంటారు. అక్కయమ్మ ముఖం మీద పార్వతమ్మ మామ కళ్లు గీయాలి. అది తన వల్ల కాదు. బతికుండగానే, ఆమె కళ్లు తెరిచి చూస్తుండగానే ఒక్కటి తీయాలి. ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే తప్పాడు.

గూట్లో గుడ్లు పిల్లలైన మర్నాడు పొద్దున గోనెగుడారంలో దూరి కెమెరాను గూటి వైపు నుంచి మంచం వైపుకు తిప్పాడు. ఆ వైపు గోనెకు చిన్న సందు చేశాడు. బయటి నుంచి చూస్తే గుడారం ఎప్పటి గుడారమే. ఏమీ ఎరగనట్టు రబ్బరు ఉండ ఆమె చేతిలో పెట్టి రైలుకు పోయాడు. ఎండెక్కాక పిట్ట వచ్చింది. ఆమె పిండింది. తన ఫోటో తనే తీసుకుంది పిచ్చిది.

మర్నాడు దుకాణంలో ఎర్రదీపం కింద ఓబళప్ప ప్లేటు కడిగాడు. ముఖం మెల్లగా తేలింది. చెంపలు, ముక్కుపుడక, చెంగు, అన్నీ చక్కగా కుదిరాయి. కళ్లు మూసుకుని ఉన్నాయి. నిద్రేమో అనుకున్నాడు. నిద్ర కాదు, పెదవులు బిగించి ఉంది, పిడికిలి ఉండ మీద గట్టిగా ఉంది. ఆ గాజును గుడ్డలో చుట్టి దుకాణంలోనే దాచాడు.

సాయంత్రం ఇంటికి రాగానే అక్కయమ్మ చెయ్యి చాపింది.

“ఏదీ మామా, నా కుట్టుపిట్ట?”

“రాలేదు అమ్మీ.”

“యాల?”

ఎందుకు రాలేదంటే, నోటికొచ్చింది అనేశాడు. “నీ చెయ్యి అదిరినట్లుండాది. అంతా చెదిరిపోయింది.”

అక్కయమ్మ ముఖం పాలిపోయింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు జయమ్మ గంజి తెస్తే, ఉన్న రెండింట్లో ఒక ప్లేటు నాశనం చేసినానే, నా చెయ్యి పడిపోనూ అని చెప్పుకుని ఏడ్చింది. జయమ్మ నోట అది విని ఓబళప్ప లోపల చచ్చిపోయాడు గానీ నిజం చెప్పలేకపోయాడు. అబద్ధమాడేవరకే మనిషి దొర, ఆడినాక దానికి బానిస. రెండు రోజులు ఊరుకుని, ఏదో మామూలుగా అడిగినట్టు అడిగాడు.

“ఉండ పిండేటప్పుడు ఏం చేస్తావు నువ్వు?”

“కండ్లు మూసుకుంటా.”

“అదెందుకు?”

“పసికూనలు కదా మామా. నా చూపు తగిలితే దిష్టి. తల్లి కూడా బెదురుతాది. పిట్ట గూట్లో దిగేదాకా చూస్తా, దిగినాంక కండ్లు మూసి ఒత్తేస్తా.”

ఆ రోజు తీసింది అట్లాగే. ఆమె పిండేటప్పుడు అతను ఒక్కనాడూ పక్కన లేడు, అతనికెట్లా తెలుస్తుంది?

“ఈ తూరి కండ్లు తెరుచుకొని ఒత్తు,” అన్నాడు. “దిష్టేమీ తగల్దు. నేను చెప్తా ఉండా కదా.”

ఆమె తలూపింది. మర్నాడు పొద్దున ఓబళప్ప ఆఖరి ప్లేటు పట్టుకుని మళ్లీ గుడారంలో దూరాడు. కెమెరాను మంచం వైపు తిప్పడానికి చెయ్యి వేశాడు కూడా. అంతలో పంచలోంచి ఆమె గొంతు వినిపించింది.

“మామా, ఈ తూరి నేను చెడగొట్టను. ప్రాణం పెట్టి ఒత్తుతా. నువ్వు బేజారు పడొద్దు.”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒకసారి మోసపోయిన మనిషి, ఆ తప్పు తనదే అనుకుని దిద్దుకుంటానంటోంది. ఆమెను మళ్లీ మోసం చేయడానికి మనసు రాలేదు. కెమెరాను గూటివైపే ఉంచి, సరిగ్గా అమర్చి, బయటికొచ్చి రైలుకు పోయాడు. జీవితంలో అతను చేసిన మంచిపనుల్లో అదొకటి అనుకోవచ్చు. దాని ఫలితం ఏమైందో వినండి.

ఆ పొద్దు ముసురు పట్టింది. వానకు పిట్ట రావడం ఆలస్యమైంది. జల్లు పంచలోకి కొడుతోంది, లోపలికి పోదాం రావమ్మా అని జయమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. అక్కయమ్మ కదల్లేదు. “ప్లేటు ఒకటే ఉండాది జయమ్మా. పోయినతూరి నేనే చెడగొట్టినా. ఇప్పుడు లేస్తే మామకు ముఖమెట్లా చూపేది?” అంది. చీర తడిసి ఒంటికి అంటుకున్నా ఉండ వదల్లేదు. మధ్యాహ్నం దాటాక వాన కాస్త తెరిపిచ్చింది. తల్లిపిట్ట వచ్చి గూటి మీద వాలింది. అక్కయమ్మ పిండింది. తర్వాత దగ్గు మొదలై, దగ్గుతోపాటు నెత్తురు పడింది.

సాయంత్రం రైలుకు ఓబళప్ప వచ్చేసరికి ఆమెను లోపల పడుకోబెట్టి ఉన్నారు. పక్కనే నెత్తురు గుడ్డలు. అతన్ని చూసి చెయ్యి కదిపింది.

“ఒత్తినా మామా. నువ్వు చెప్పినట్లే కండ్లు బాగా తెరుచుకొని ఒత్తినా.”

తెల్లవారేసరికి అక్కయమ్మ లేదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె అన్న మాటకు ఓబళప్ప ఎన్నోసార్లు నవ్వాడు. ఆ పొద్దున మంచం పక్కన కూర్చున్నప్పుడు అతనికి నవ్వే మొహం లేదు. తీసినందుకు తగ్గిందో, తీసింది దాచినందుకు తగ్గిందో, ఏదైతేనేం తగ్గించింది తనే.

నెత్తురు పడిందని రాత్రే కబురందిన చెన్నరాయప్ప చుట్టాలతో మొదటి రైలుకే వచ్చాడు. ఏడ్చి ఏడ్చి ముఖం తుడుచుకుని, పంచలో ఉన్న కుర్చీ తెచ్చాడు.

“మామా, కెమెరా తియ్యప్పా. ఊరందరికీ తీసినావు, మాయక్కకు తియ్యకుండా ఉంటావా?”

“తీసేసినా,” అన్నాడు ఓబళప్ప.

“ఎప్పుడు?”

“మీరు రాకముందే.”

ఎవరూ మారు అడగలేదు. కుర్చీ మళ్లీ పంచలోకి పోయింది. ఆమె నడుముకు గుడ్డ బిగించే పని తప్పింది.

మైల రోజుల్లోనే ఓబళప్ప చిక్కపేటకు పోయి రెండు ప్లేట్లూ అచ్చు వేశాడు. రెండోది బ్రహ్మాండంగా వచ్చింది. తల్లిపిట్ట నోట్లో పురుగు, గూట్లోంచి లేచిన మూడు నోళ్లు, తల్లి కన్ను ఆవగింజంతే అయినా మెరుస్తూ ఉంది. అతను తీసినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. చూపించి నవ్వించడానికి మనిషి లేదు. దాన్ని పక్కన పెట్టి, అక్కయమ్మ అచ్చు ముందు పెట్టుకుని కుంచె తడిపాడు. ఆమె కళ్లు ఎట్లా ఉండేవి? పక్కన పడుకున్న మనిషి కళ్లు గుర్తు తెచ్చుకోవడానికి ఎంతో తన్నుకున్నాడు. దగ్గినప్పుడు నీళ్లు నిండేవి గుర్తొచ్చింది, నవ్వినప్పుడు చిన్నవయ్యేవి గుర్తొచ్చింది, గీద్దామంటే చెయ్యి మాత్రం దానికి తెలిసిన కళ్లే గీసింది. ఎదురింటి గోడ మీది కళ్లు. అచ్చు చింపేసి ఇంకోటి వేశాడు, ఈసారి కుంచె తియ్యలేదు. మూసిన కళ్లతోనే పటం కట్టించాడు.

దినాల నాడు పటం పెట్టి దండ వేశారు. వచ్చినవాళ్లు చూసి ముక్కున వేలేసుకున్నారు. ఊరందరికీ కళ్లు గీసినవాడు పెళ్లానికి గీయలేదే అని గుసగుసలాడారు. చచ్చినాంక తీసినా ముఖంలో ఎంత కళ ఉండాదో, నిద్రపోతా ఉండే దానిలాగుండాది అని జయమ్మ కళ్లొత్తుకుంది. ఓబళప్పకు గొంతు దాకా వచ్చింది, అది చచ్చినాక తీసింది కాదు, అప్పుడామె బతికే ఉంది, పసికూనలకు దిష్టి తగులుతుందని కళ్లు మూసుకుంది అని. అతను తన జన్మలో తీసిన బతికున్న మనిషి ముఖం అదొక్కటే. ఆ మాట అంటే ఎప్పుడు తీశావంటారు, ఒప్పుకుందా అంటారు, ఆ తర్వాత ఎన్నాళ్లు బతికిందంటారు.

చెన్నరాయప్ప పటం మీది దండ సర్ది, ఇటు తిరిగాడు.

“బతికుండంగా ఒక్కటైనా తీసుంటే ఎంత బాగుండేది మామా.”

“తియ్యనియ్యలేదప్పా,” అన్నాడు ఓబళప్ప.